ఫోన్‌లో ఆట మన పిల్లల భాషలో ఆడుతున్నదా?

(శామీర్‌పేటలో ఆదివాసీ యువత కూర్చున్నప్పుడు మాట్లాడిన మాటలు. చాలామంది అడిగిన్రు కాబట్టి రాసి పెడుతున్నం.)



మన చుట్టూ ఏమున్నయో ఒకసారి చూడండి. ఇక్కడ నల్సార్ లా యూనివర్సిటీ ఉన్నది. బిట్స్ పిలానీ క్యాంపస్ ఉన్నది. తుర్కపల్లి దిక్కు పోతే జీనోమ్ వ్యాలీ. దేశమంతా చదువుకోనీకి, పరిశోధన చేయనీకి ఈడికి వస్తది. ఇదే మట్టి మీద బిల్డింగుల పనికి, ఇటుక బట్టీలకు, కంపెనీల్లో కూలీకి మనోళ్లు కూడా వస్తరు. వాళ్ల ఎంబడి చిన్న పిల్లలు వస్తరు. ఐదారేండ్ల పిలగాడు ఇసుక కుప్ప మీద కూసొని ఫోన్ చూస్తుంటడు. పాస్‌వర్డ్ తీస్తడు, వీడియో మారుస్తడు, యాడ్ వస్తే ఎగరగొడతడు. కానీ ఆ ఫోన్ మీద రాసి ఉన్న ఒక్క మాట కూడా చదవలేడు.

ఈ రోజు నా మాట దీని గురించే. ఆ ఫోన్‌తోటే వాడికి చదవడం నేర్పొచ్చా?

నేర్పొచ్చు. కొంతవరకు. ఆ "కొంతవరకు" అంటే ఏందో మనకు తెల్వాలె.

చదవడం అంటే ముందుగాల గుర్తుకు, శబ్దానికి ముడి వేయడం. తెలుగులో "క" వస్తే పని అయిపోదు. కా, కి, కీ, కు అని గుణింతం ఉంటది. కింద ఒత్తులు ఉంటయి. ప, వ చూడనీకి అన్నదమ్ముల లెక్క ఉంటయి. ఇవన్నీ రావాలంటే మళ్లీ మళ్లీ వినాలె, మళ్లీ మళ్లీ చూడాలె, తప్పు చేసిన వెంటనే సరైనది తెల్వాలె. ఒక్క టీచర్ రెండు మూడు తరగతులు చూసే బడిలో ఒక్కో పిల్ల దగ్గర అంతసేపు కూసోవుడు కష్టం. ఆట అయితే విసుక్కోదు. వందసార్లు తప్పు కొట్టినా వంద ఒకటోసారి కూడా అదే గొంతుతో చెప్తది. పక్కోళ్లు నవ్వరు. మన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. యాస చూసి నవ్వితే నోరు మూసుకునే పిల్లలు వీళ్లు.

ఇది ఉత్త మాట కాదు. గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ అని ఒక పోటీ జరిగింది. టాంజానియా దేశంలో సుమారు 170 పల్లెల్లో, దాదాపు 3,000 మంది పిల్లలకు ట్యాబ్లెట్లు ఇచ్చిన్రు. ఎక్కువమంది ఎప్పుడూ బడికి పోనోళ్లే. మొదట్ల 100 మందిలో 90 మందికి పైగా ఒక్క మాట చదవలేకపోయిన్రు. 15 నెలల తర్వాత చదవలేనోళ్ల సంఖ్య సగానికి పడిపోయింది. 2019లో కిట్‌కిట్ స్కూల్, వన్‌బిలియన్ అనే రెండు బృందాలు బహుమతి పంచుకున్నయి. అదే ఏడు మన దేశంలో గూగుల్ "బోలో" తెచ్చింది. తర్వాత దాని పేరు "రీడ్ అలాంగ్" అయింది, తెలుగు కూడా చేరింది. పిల్ల గట్టిగా చదువుతుంటే అది వింటది, తడబడితే ఆ మాట పలికి చూపిస్తది.

ఇగ రెండో దిక్కు కూడా చూడాలె. టాంజానియాలో సగం మంది నేర్చుకున్నరంటే మిగిలిన సగం మంది నేర్వలేదనే కదా. ఇంకో ముచ్చట. అక్కడి ఆటలు అక్కడి బడి భాష స్వాహిలిలో తయారు చేసిన్రు. వేరే దేశం భాషలో చేసింది తెచ్చి రుద్దలేదు. మరి మన పిల్లలకు?

ఒక గోండు పిల్లను అనుకోండి. ఆటలో ఇంటి బొమ్మ వస్తది, మొదటి అక్షరం ముట్టమంటది. గోండిలో ఇల్లును "రోన్" అంటం. ఆ పిల్ల "ర" ముడుతది. ఆట ఎర్రగా చూపించి తప్పు అంటది. ఆట కోరింది "ఇ". నీళ్ల బొమ్మ వస్తే పిల్ల "ఏర్" అనుకొని "ఏ" ముడుతది. మళ్లీ తప్పే. నిజానికి ఆ పిల్ల రెండుసార్లు కరెక్టే చెప్పింది. శబ్దం విన్నది, అక్షరం పట్టింది. చదవడం అంటే అదే కదా! ఆమెకు భాష ఉన్నది, ఆటకే ఆమె భాష లేదు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది. ఇంగ్లిష్ వద్దని నేను అంటలేను, మన పిల్లలకు అది కావాలె. కానీ ఇంట్ల ఒక భాష, బజార్ల ఒక భాష, పుస్తకంలో ఇంకో భాష అయితే, మొదటి మెట్టు ఏ భాషలో ఉండాలె?

ఈ ప్రశ్నకు మన దగ్గరనే పాత జవాబు ఉన్నది. కుమ్రం భీం అమరుడైన మూడేండ్లకు, 1943లో, మార్లవాయిలో గోండులకు బడి పథకం మొదలైంది. హైమెన్‌డార్ఫ్ దొర పూనికతోటి గోండి భాషలో వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చేసిన్రు, గోండులనే పంతుళ్లుగా తయారు చేసిన్రు. కరెంటు లేని కాలంలో అయిన పని, చేతుల్ల స్మార్ట్‌ఫోన్ ఉన్న మనకు కాదా? గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఫోన్‌లో మన లిపికి సీటు ఉన్నది. కూసోబెట్టాల్సింది మనమే.

రాజ్యాంగం 350ఏ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించాలంటది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు పిల్లల మాతృభాషలోనే చెప్పాలంటది. కాబట్టి మనం అడిగేది దయ కాదు.

ఈ వారం నుంచి మనం చేసుకోగలిగిన పనులు చెప్తా.

ఒకటి, ఆటను పరీక్ష పెట్టి ఎంచుకోండి. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టండి. అప్పుడు కూడా పిల్ల అక్షరం చూసి చెప్తే అది చదువు. బొమ్మ లేకుంటే ఆగిపోతే అది ఊహ.

రెండు, ఫోన్ ఇచ్చి పక్కకు పోవద్దు. అక్కనో అన్ననో పక్కన కూసోవాలె. ఇరవై నిమిషాలు చాలు. రెండేండ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, ఐదేండ్ల లోపు వాళ్లకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

మూడు, ఆట అయినంక అదే అక్షరం బొగ్గుతో బండ మీద రాయించండి. బస్ బోర్డు మీద "అల్వాల్"లో "ల" ఎన్నిసార్లు ఉందో అడగండి. ఫోన్‌లో వచ్చి బోర్డు మీద రాకపోతే ఇంకా రానట్టే.

నాలుగు, మన ఆట మనం చేద్దాం. అవ్వ గొంతుతో ఇరవై మాటలు రికార్డు చేయండి, ఫొటోలు తీయండి, మాట వినిపించి సరైన ఫొటో ముట్టే ఆట కట్టొచ్చు. కంప్యూటర్ చదివిన తమ్ముళ్లు ఇక్కడనే ఉన్నరు. స్టోరీవీవర్‌లో పిల్లల కథలను ఎవరైనా తమ భాషలోకి మార్చొచ్చు. గోండి, కొలామి, కోయ, లంబాడీ, ఒడియా, ఎవరి ఇంట్ల ఏ భాష ఉంటే ఆ భాషలో మొదలుపెట్టండి.

ఆఖరిగా ఒక్క మాట. రేపు ఎవరన్నా వచ్చి "ట్యాబ్లెట్లు ఇచ్చినం, ఇగ టీచర్ ఎందుకు" అంటే ఒప్పుకోవద్దు. ఆట టీచర్‌కు తోడు, టీచర్‌కు బదులు కాదు. వలస వచ్చిన ప్రతి పిల్లకు దగ్గర్ల బడి, బడిలో టీచర్, ఆ పిల్ల భాష తెలిసిన ఒక మనిషి కావాలె. అది అడుగుతూనే ఉందాం. అడుగుతూనే మన పిల్లలకు నేర్పుతూ ఉందాం. వచ్చే ఆదివారం ఎవరెవరు అవ్వల గొంతులు రికార్డు చేసి తెస్తరో, పేర్లు ఇప్పుడే రాయించి పోండి.

జోహార్ కుమ్రం భీం. జై ఆదివాసీ.