వానకు ముందే దుక్కి: పదో తరగతిలో ఉన్న నాకు చెప్పాలనుకునే మాటలు

(తండాల పదో తరగతి, ఇంటర్ పిల్లలతో మాట్లాడిన మాటలకు రాత రూపం)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈరోజు నన్ను "కాలేజీకి ఎట్లా తయారు కావాలి" అనే దాని మీద మాట్లాడమన్నారు. నేను ఆఫీసర్ని కాదు, లెక్చరర్ని కాదు. మీలాగే తండాలో పుట్టి, సర్కారు బడిలో చదివి, డిగ్రీ దాకా వచ్చినదాన్ని. అందుకే మీకు ఉపన్యాసం ఇవ్వను. పదో తరగతిలో ఉన్న నేను ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే ఆ పిల్లకు ఏం చెబుతానో అదే చెబుతా. మీరు పక్కన కూర్చుని వినండి.

పాపా, మన అనంతపురంలో వాన సంగతి నీకు తెలుసు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు. అది కూడా ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అయినా మన బా ఎండాకాలంలోనే చేను దున్ని పెడతాడు. ఎందుకు? పడిన ఒక్క వానను చేను తాగాలి కాబట్టి. వాన పడినాక మడక వెతుక్కుంటే అదను పోతుంది. కాలేజీ సీటు, స్కాలర్‌షిప్, హాస్టల్ కూడా అట్లనే. అవి వచ్చేది రెండు మూడు వారాల్లో. తయారయ్యేది మాత్రం రెండు మూడేళ్ల ముందు నుంచి.

ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకో. మన పిల్లలు మధ్యలో ఆగిపోయేది తెలివి లేక కాదు. ముందు నడిచినవాళ్లు ఇంట్లో లేక. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీల అక్షరాస్యత 49 శాతం. రాష్ట్రం మొత్తం చూస్తే 67. దేశంలో కాలేజీ వయసులో ఉన్నవాళ్లలో ఉన్నత చదువులకు చేరుతున్నవాళ్లు 2021-22 సర్వేలో నూటికి 28 మంది. ఎస్టీలలో 21 మంది. అనంతపురంలో ఆర్ట్స్ కాలేజీ 1916 నుంచి ఉంది. ఎస్కే యూనివర్సిటీ 1981లో, జేఎన్‌టీయూ 2008లో, సెంట్రల్ యూనివర్సిటీ 2018లో వచ్చినాయి. కాలేజీ పెట్టి నూరేళ్లు దాటినా మన తండా నుంచి అక్కడికి దారి చెప్పే మనిషి లేడు. ఆ మనిషి చెప్పాల్సిన మాటలే ఇవి.

మొదటిది, కాగితాలు.

నవ్వొద్దు. మార్కుల కంటే ముందు ఇదే చెబుతున్నా. నీ ఆధార్‌లో "రమావత్" అని, బడి రిజిస్టర్‌లో "రామావత్" అని, రేషన్ కార్డులో అసలు ఇంటిపేరే లేకుండా ఉంటుంది. ఒకచోట "బాయి", ఇంకోచోట "బాయ్". రాసినవాళ్లకు మన పేర్లు పలకడం రాదు, మనవాళ్లకు చదవడం రాదు. బ్యాంకు ఖాతాకూ ఆధార్‌కూ పేరు కలవకపోతే స్కాలర్‌షిప్ డబ్బు ఆగిపోతుంది. నా తోటి అమ్మాయికి ఒక్క అక్షరం తేడాతో ఏడాది డబ్బు రాలేదు. వాళ్ల నాయన కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగినాడో లెక్కే లేదు.

కాబట్టి పదో తరగతిలో నామినల్ రోల్స్ పంపేముందు నీ పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ నీ కళ్లతో చూసుకో. "సార్, ఒకసారి చూపించండి" అని అడుగు. అక్కడ ఏం పడితే పదో తరగతి మెమోలో అదే పడుతుంది, బతుకంతా ఆ పేరే అడుగుతారు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో ముందే దరఖాస్తు చేసుకో. కౌన్సెలింగ్ రోజుల్లో ఆ కిటికీ ముందు ఊరంతా ఉంటుంది. కేంద్ర సంస్థలకు పోవాలంటే కేంద్ర ప్రభుత్వ నమూనాలో కుల ధ్రువపత్రం అడుగుతారు, అది వేరే.

ఇంకొకటి ఉంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ దాచిపెట్టు. మన రాష్ట్రంలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకు. లోకల్ అని తేల్చేది మన ఇల్లు ఎక్కడుందని కాదు, ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివావని. వేరుసెనగ ఎండిపోయి యాడి, బా బెంగుళూరుకు వలసపోతే పిల్లల్ని వెంట తీసుకుపోతారు. ఆ పిల్లలు అక్కడే బడిలో రెండు మూడేళ్లు చదివితే తిరిగొచ్చినాక సొంత జిల్లాలోనే లోకల్ కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఇది మన పెద్దోళ్లకు ఎవరూ చెప్పరు. వలస పోయేముందు పిల్లను హాస్టల్లో చేర్పించమని మనమే చెప్పాల.

రెండోది, పదో తరగతి తర్వాత ఏ తలుపు.

పక్కింటి పిల్ల ఎంపీసీ తీసుకుందని నువ్వూ తీసుకోవద్దు. ఇంజనీరింగ్‌కు ఎంపీసీ. డాక్టర్, అగ్రికల్చర్ వైపుకు బైపీసీ. ఐదేళ్ల లా కోర్సుకు ఏ గ్రూపైనా పరవాలేదు, లాసెట్ రాయాలి. సీఈసీ, హెచ్ఈసీ తీసుకున్నవాళ్లు తక్కువవాళ్లు అని ఎవరన్నా అంటే వినకు. భూమి తగాదాల్లో మన తండాలకు కావాల్సింది లాయర్లే. పదో తరగతి కాగానే పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరొచ్చు. పక్క జిల్లా ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడ ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులే. రెసిడెన్షియల్ కాని సర్కారు బడుల పిల్లలకు కొంత వెయిటేజీ కూడా కలుపుతారు. కోచింగ్‌కు డబ్బుల్లేని మనకు ఇట్లాంటి తలుపు ఒకటి ఉందని తొమ్మిదో తరగతిలోనే తెలియాల.

ఈఏపీసెట్‌లో ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. కానీ ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల్లో 40 శాతం రావాలి. సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ రాయాలి. రాష్ట్రంలో మనకు 6 శాతం, కేంద్ర సంస్థల్లో ఏడున్నర శాతం రిజర్వేషన్ ఉంది. ఐఐటీలో సీటొస్తే ఎస్టీలకు ట్యూషన్ ఫీజు లేదు. ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కాదు, రాజ్యాంగంలో రాసుకున్నవి. దరఖాస్తు చేసుకోకుండా వదిలేస్తే మాత్రం ఆ సీటు మన దాకా రాదు.

మూడోది, భాష.

ఇంట్లో గోర్ బోలీ. బడిలో తెలుగు. కాలేజీలో ఇంగ్లీషు. ఎరుకల పిల్లలది కూడా ఇదే కథ, వాళ్ల ఇంటి భాష వేరు. పద్దెనిమిదేళ్లకు మూడు భాషలు మోస్తున్నాం. రెండు భాషల్లో ఉండే పిల్లవాడు మనల్ని చూసి "వీళ్లకు మాట రాదు" అంటాడు. అది చూసి సిగ్గుపడొద్దు, లెక్కేసుకో: మనకు ఒకటి ఎక్కువే.

కానీ ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే. మొదటి నెలలో నేను భయపడింది పాఠానికి కాదు. అసైన్‌మెంట్, సెమినార్, ఇంటర్నల్స్, బ్యాక్‌లాగ్ అనే మాటలకు. ఇవి ఏంటని అడగడానికి నోరు రాదు, అందరికీ తెలిసినట్టే ఉంటుంది. ఇప్పుడు మీ బడి పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటుంది. రోజుకు ఒక పేజీ రెండు పక్కలా పెట్టుకుని చదువు. పొద్దున లేచి ఏం చేసినావో ఐదు వాక్యాలు ఇంగ్లీషులో రాయి. తప్పులుంటే ఉండనీ. రెండేళ్లు రాస్తే కాలేజీలో మొదటి రికార్డు రాసేటప్పుడు చెయ్యి వణకదు.

నాలుగోది, డబ్బు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందని ఇంట్లో నిశ్చింతగా ఉంటారు. ఉంది, నిజమే. కానీ దానికి 75 శాతం హాజరు కావాలి. కాయ పీకే కాలంలో ఇంటికి రమ్మంటే నెల రోజులు పోతావు, హాజరు తగ్గుతుంది, డబ్బు ఆగుతుంది. ఇది ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడు. ఏ ప్రభుత్వం ఉన్నా ఫీజు బకాయిలు ఆలస్యం కావడం మనం చూస్తూనే ఉన్నాం. అప్పుడు కొన్ని కాలేజీలు ఫీజు కట్టలేదని సర్టిఫికెట్లు పట్టుకుంటాయి. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఇది తెలిసిన పిల్ల మాట్లాడే తీరు వేరు, తెలియని పిల్ల ఏడ్చే తీరు వేరు. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించు, జిరాక్సులు ఇచ్చి రసీదు తీసుకో. మొదటి మూడు నెలల ఖర్చు, అంటే బస్సు, పుస్తకాలు, సబ్బు, నూనె, చేతిలో ఉంచుకునే చేరు. స్కాలర్‌షిప్ వచ్చేసరికి ఆ మూడు నెలలే చాలామందిని ఇంటికి పంపించేస్తాయి.

ఐదోది, తల ఎత్తుకోవడం.

హాస్టల్లో నీ యాస చూసి నవ్వుతారు. "నువ్వు రిజర్వేషనా?" అని అడుగుతారు. ఒక మనిషి గురించి చెబుతా. జైపాల్ సింగ్ ముండా. రాంచీ వైపు ఆదివాసీ పల్లెలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివినారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన హాకీ జట్టుకు కెప్టెన్. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, మమ్మల్ని జంగ్లీలు అంటారు, ఆ పేరుకు నేను గర్వపడుతున్నానని అందరి ముందూ చెప్పినారు. ఆక్స్‌ఫర్డ్ పోయినాక ఆయన తన జనాన్ని దాచిపెట్టుకోలేదు. మన కాలంలో రమేశ్ కార్తీక్ నాయక్ తండా బతుకునే కథలుగా రాసి "ఢావ్లో" పుస్తకానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెచ్చుకున్నాడు. కాబట్టి ఇంటిపేరు మార్చుకుని, యాడి ఫోన్ చేస్తే బయటికి పోయి మెల్లగా మాట్లాడే పని పెట్టుకోవద్దు.

నవ్వులు వేరు, వేధింపు వేరు. ర్యాగింగ్ మీద మన రాష్ట్రంలో 1997 నుంచి చట్టం ఉంది. 1800-180-5522కు ఫోన్ చేయొచ్చు. నలుగురిలో కులం పేరు పెట్టి అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. నువ్వు వాడినా వాడకపోయినా, అవి ఉన్నాయని తెలిస్తే రాత్రి నిద్ర పడుతుంది.

ఇప్పుడు ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. పదో తరగతి రిజల్ట్ వచ్చిన నెలలోనే సంబంధం కూడా వస్తుంది. పద్దెనిమిది నిండకుండా పెళ్లి నేరం, 1098కు ఫోన్ చేస్తే వస్తారు. కానీ ఆ ఫోన్ దాకా పోకముందే చేయాల్సింది ఉంది. ఇంట్లో ఒక మనిషిని నీ పక్కకు తెచ్చుకో. నాకు మా నానమ్మ. ఆమెకు సంతకం రాదు, కానీ "పిల్ల చదువుతా అంటాంది, ఆపేది ఎవడప్పా" అంటే ఇంట్లో అందరూ గమ్మునైపోయేవాళ్లు. బస్సు ఖర్చు అనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అయితే టికెట్ లేకపోయినా తండాకు బస్సు రావాలి కదా. అది మనం అందరం కలిసి అడగాల్సిన పని.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది మీకు. "అక్కా, అన్నీ పిల్లలే చూసుకోవాలంటే సర్కారు ఎందుకు?" అని. సరైన ప్రశ్న. మన జిల్లా ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. పాడేరులోనో రంపచోడవరంలోనో ఉన్నట్టు మన దగ్గర ఐటీడీఏ లేదు. సుగాలీలు, ఎరుకలవాళ్లు, యానాదులు ఊరూరా చెదిరి ఉన్నాం, జిల్లా జనాభాలో నూటికి నలుగురికి లోపే. ఒకచోట గుంపుగా లేనివాళ్ల గొంతు ఆఫీసులో వినపడదు. అందుకే అడగడం ఆపకూడదు: హాస్టల్ సీట్లు, సకాలంలో స్కాలర్‌షిప్, తండాకు బస్సు. దున్నుకున్నంత మాత్రాన వాన బాధ్యత మనది కాదు. కానీ సర్కారు కదిలేదాకా ఈ ఏడాది పదో తరగతి పిల్ల ఆగలేదు. ఆమెకు జూన్ ఒక్కసారే వస్తుంది.

అందుకే ఇక్కడున్న డిగ్రీ, ఇంజనీరింగ్ అన్నలను, అక్కలను ఒకటి అడుగుతున్నా. సంక్రాంతి సెలవులకు ఇంటికి వస్తారు కదా. ఒక్క పూట మీ తండాలో పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, బడిలో రాయించిన పేరు, నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఎవరికి కుల ధ్రువపత్రం లేదో రాసుకోండి. ఎవరు ఏ గ్రూపు తీసుకోవాలనుకుంటున్నారో అడగండి. మీ ఫోన్ నంబరు వాళ్ల నోటుబుక్కు వెనక అట్ట మీద రాసి రండి. దీనికి నిధులు అక్కర్లేదు, పర్మిషన్ అక్కర్లేదు.

చెల్లెలా, తమ్ముడా, మీరు కూడా ఆ నంబరుకు ఫోన్ చేయడానికి మొహమాటపడొద్దు. తెలియనిది అడగడం చిన్నతనం కాదు. వచ్చే ఏడాది మీ కింద తరగతి పిల్లలు అదే ప్రశ్న మిమ్మల్ని అడుగుతారు. అప్పుడు జవాబు మీ దగ్గర ఉండాల.

జోహార్.