ఆపరేషన్లు అయిపోయాక మన పక్కన ఎవరుంటారు?

ఈ ఎపిసోడ్‌లో మొహం కాస్త వేరుగా ఉన్న కుర్రాళ్ళు, అమ్మాయిల గురించి మాట్లాడుకుందాం. గ్రహణం మొర్రితో పుట్టినవాళ్ళు, కాలిన మచ్చలున్నవాళ్ళు, బొల్లి ఉన్నవాళ్ళు, యాసిడ్ దాడి నుంచి బతికి బయటపడ్డవాళ్ళు. వీళ్ళంతా మన విశాఖలోనే, గాజువాక బస్సులో మన పక్క సీట్లోనే ఉంటారు.

ముందే చెప్పేస్తున్నాను, నేనూ వాళ్ళలో ఒకణ్ణే. గ్రహణం మొర్రితో పుట్టాను. నాన్నది స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని. నాకు మూడు ఆపరేషన్లు అయ్యాయి. పై పెదవి మీద గీత వీడియోలో కనిపిస్తూనే ఉంటుంది, మాట కొంచెం ముక్కులోంచి వస్తుంది. జాలి కోసం చెప్పట్లేదు. ఎవరు మాట్లాడుతున్నారో తెలిస్తే వినడం తేలిక కదా.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. "గ్రహణం మొర్రి" అనే మాటలోనే ఒక నింద ఉంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందట, ఏదో కోసిందట, అందుకే బిడ్డకి పెదవి చీలిందట. అసలు విషయం ఏంటంటే, పెదవి, అంగిలి కలుసుకునేది గర్భం వచ్చిన తొలి రెండు మూడు నెలల్లోనే. అక్కడ అతుక్కోకపోతే చీలిక మిగిలిపోతుంది. దానికి జన్యువులతో పాటు ఇంకా చాలా కారణాలు కలుస్తాయి. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ దీంతో పనే లేదు. ప్రపంచంలో సుమారు 700 మంది పిల్లల్లో ఒకరు ఇలా పుడుతున్నారని అంచనా. అంటే మా అమ్మ ఏ తప్పూ చెయ్యలేదు. మీ అమ్మ కూడా చెయ్యలేదు. ఇంట్లో ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి, చాలా ఏళ్ళ బరువు దిగిపోతుంది.

ఇప్పుడు వైద్యం సంగతి. మామూలుగా పెదవికి 3 నుంచి 6 నెలల వయసులో, అంగిలికి ఏడాది అటూ ఇటూగా ఆపరేషన్ చేస్తారు. తర్వాత స్పీచ్ థెరపీ, పళ్ళు సరిచెయ్యడం. కొందరికి పై దవడ వెనకబడిపోతే, ఎదుగుదల ఆగాక, అంటే 17, 18 ఏళ్ళు దాటాక మళ్ళీ ఇంకో ఆపరేషన్. డబ్బు లేకపోయినా దారులున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని పరీక్షించి వైద్యానికి పంపిస్తారు. స్మైల్ ట్రైన్ లాంటి సంస్థలు తమ భాగస్వామి ఆస్పత్రుల్లో ఉచితంగా ఆపరేషన్ చేయిస్తాయి.

కానీ ఒకటి గమనించారా? ఆ ప్రభుత్వ కార్యక్రమం 18 ఏళ్ళ వరకే. మనకి అసలు కష్టాలు మొదలయ్యేదేమో సరిగ్గా ఆ వయసులోనే. ఇంటర్, హాస్టల్, వైవా, ఇంటర్వ్యూ, ఇన్‌స్టాలో ఫొటో, నచ్చినవాళ్ళతో మొదటి మాట. కుట్లు వేయడానికి డాక్టర్ ఉన్నాడు. ఇవన్నీ ఎలా దాటాలో చెప్పేవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు.

నాకు పదిహేనేళ్ళప్పుడు ఓపీ లైన్లో ఒక అక్క కలిసింది. తనదీ నాలాంటి మొహమే. పెద్ద మోటివేషన్ ఏమీ ఇవ్వలేదు. బ్యాంకులో ఉద్యోగం, బస్సు లేటైందని విసుగు, టిఫిన్ బాక్స్‌లో పులిహోర. ఆ రోజు వరకు నాలాంటి మొహంతో పెద్దయినవాళ్ళని నేను చూడలేదు. పెద్దవాళ్ళమవుతాం, ఉద్యోగం చేస్తాం, బస్సు మీద విసుక్కుంటాం అని అప్పుడే తెలిసింది. ఇంటర్ మానేద్దామనుకున్నవాణ్ణి చేరాను. మెంటర్ అంటే పెద్ద మాటలా ఉంటుంది గానీ, మనకంటే నాలుగడుగులు ముందు నడిచిన అక్కో అన్నయ్యో, అంతే.

ఈ ఆలోచన పెద్ద ఎత్తున చేసి చూపించినవాళ్ళున్నారు. బ్రిటన్‌లో జేమ్స్ పార్ట్రిడ్జ్ అనే ఆయన 1970లో, 18 ఏళ్ళ వయసులో కారు ప్రమాదంలో తీవ్రంగా కాలిపోయాడు. 1992లో ఛేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ పెట్టాడు. వాళ్ళు నేర్పే చిట్కా ఒకటి నాకు బాగా పనికొచ్చింది. ఎవరైనా అడిగితే మూడు ముక్కల్లో చెప్పు: విషయం చెప్పు, భయం పోగొట్టు, మాట మార్చు. మన దగ్గర అయితే ఇలా ఉంటుంది.

"ఏటయిందిరా నీ మూతికి?"

"పుట్టుకతోనే పెదవి చీలి ఉంది, చిన్నప్పుడు కుట్టారు. నొప్పేం లేదు, అంటుకునేది కూడా కాదు. ఇంతకీ నీది ఏ సెక్షన్?"

అంతే. ఇది ఇంట్లో ఎవరితోనైనా పదిసార్లు ప్రాక్టీస్ చెయ్యండి. చెప్పాలనిపించకపోతే "ఇప్పుడు దాని గురించి వద్దు" అనే హక్కు కూడా మీకుంది.

మన దేశంలో 2014 చివర్లో ఆగ్రాలో షీరోస్ హ్యాంగవుట్ అనే కెఫే మొదలైంది. యాసిడ్ దాడి నుంచి బయటపడ్డ ఆడవాళ్ళే నడుపుతారు. ముసుగు కప్పుకుని ఇంట్లో కూర్చోకుండా కౌంటర్ దగ్గర నిలబడి ఆర్డర్ తీసుకుంటారు. కొత్తగా వచ్చిన అమ్మాయికి అంతకుముందే వచ్చిన అక్క కనిపిస్తుంది. జీతం, తోడు రెండూ ఒక్కచోటే. చట్టం కూడా తెలుసుకోండి: యాసిడ్ దాడి బాధితులకి ప్రైవేటు ఆస్పత్రి అయినా ఉచితంగా వైద్యం చెయ్యాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం వాళ్ళని కూడా గుర్తించింది.

మరి మన వైజాగ్‌లో ఏం చెయ్యొచ్చు? సంస్థ పెట్టక్కర్లేదు. నలుగురైదుగురు చాలు. నెలకో ఆదివారం పొద్దున్న ఆర్కే బీచ్‌లో కలవండి. కొన్ని నియమాలు మాత్రం పెట్టుకోండి. ఒకటి, అడక్కుండా ఫొటో తియ్యకూడదు, "అప్పుడు, ఇప్పుడు" రీల్స్ అసలొద్దు. రెండు, 18 లోపు పిల్లలైతే అమ్మానాన్నలకి తెలియాలి, కలవడం నలుగురూ ఉన్న చోటే. మూడు, ఆపరేషన్ చేయించుకో, మానెయ్ అని మనం చెప్పకూడదు, అది డాక్టరుతో వాళ్ళు తేల్చుకోవాల్సింది. నాలుగు, "అంతా బాగైపోతుంది" అని మాటివ్వద్దు. "వచ్చే ఆదివారం కూడా వస్తాను" అని మాటివ్వండి, ఇచ్చాక రండి. ఎవరైనా బతకాలని లేదంటే ఆ బరువు ఒక్కరే మొయ్యకండి. టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళ పక్కనే కూర్చుని కాల్ చేయించండి.

ఇక మామూలు మొహం ఉన్న ఫ్రెండ్స్‌కి రెండు మాటలు. తదేకంగా చూడొద్దు, అలాగని చూపు తిప్పేసుకోవద్దు. కళ్ళలోకి చూసి మామూలుగా మాట్లాడండి. క్లాసులో ఎవరైనా మొర్రి మాటని మిమిక్రీ చేస్తే నవ్వకండి. నవ్వేవాళ్ళు లేకపోతే ఆ మిమిక్రీ రెండో రోజుకి ఆగిపోతుంది.

మీరు ఇప్పటికే ఉద్యోగంలో స్థిరపడి, మీ మొహంతో మీరు హాయిగా ఉన్నవాళ్ళైతే, మీతోనే నా అసలు పని. ఈసారి ఆస్పత్రికి చెకప్‌కి వెళ్ళినప్పుడు పని అవగానే బయటకి వచ్చెయ్యకండి. ఆ లైన్లో తలొంచుకుని ఫోన్ చూసుకుంటున్న పదిహేనేళ్ళ పిల్లో పిల్లాడో ఉంటారు. పక్కన కూర్చుని, "తమ్ముడూ, ఏం చదువుతున్నావ్?" అని అడగండి.

ఈ ఎపిసోడ్ అవసరమైనవాళ్ళకి పంపండి.