తాళం వేశాననుకున్న పట్టిక
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను, ముప్ఫై ఏళ్లు లెడ్జర్లు రాసినవాణ్ణి. రిటైరయ్యాక మన సర్క్యులర్లు టైపు చేసే పని నా నెత్తిన పడింది, అంతే.

1-1-2006 నుంచి కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు 80 ఏళ్లు నిండితే 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు నూరు శాతం అదనపు పెన్షన్ వచ్చింది. ఫ్యామిలీ పెన్షనర్లకూ అంతే. 2011లో ఈ పట్టికను సభ్యులకు పంపాను. నాది వర్డ్ 2007. చాలామంది ఇళ్లలో, పిల్లలు వదిలేసిన పాత యంత్రాల్లో వర్డ్ 2003 ఉండేది. అందులో నా ఫైలు తెరుచుకోలేదు. అప్పట్లో మైక్రోసాఫ్టువారు ఇందుకోసం ఒక ప్యాక్ ఉచితంగా ఇచ్చేవారు (2018లో దాన్ని ఉపసంహరించారు), కానీ దించుకునే ఓపిక ఎవరికి?

సరే, పాత .డాక్ పద్ధతిలో సేవ్ చేసి, ఎవరూ మార్చకుండా పాస్‌వర్డ్ పెట్టి పంపాను. తాళం వేశానని ధీమా. అసలు అది తాళమే కాదు. ‘చదవడానికి మాత్రమే’ అని తెరిచి, వేరే పేరుతో సేవ్ చేసుకుంటే చాలు, ఇష్టమొచ్చినట్లు మార్చుకోవచ్చు.

పైగా నేను వాడింది అను ఫాంటు. అది లేని యంత్రంలో మన తెలుగు పిచ్చి ఆంగ్లాక్షరాలుగా కనబడుతుంది. ఒక మిత్రుడి మనవడు పాపం సాయం చేద్దామని, ఇంకొకరిచేత ఫోనులో చదివించుకుని, మన సంఘం పేరు పైన అలాగే ఉంచి, కొత్తగా టైపు చేశాడు. 85 పక్కన 30 బదులు 20 పడింది. ఆ కాగితమే నలుగురికీ చేరింది.

అది చేరినవారిలో ఒక పెద్దావిడ ఉన్నారు. 85 నిండినా బ్యాంకు పెంచలేదు. ‘మన సంఘంవాళ్లే 20 అన్నారుగా’ అని ఆమె అడగలేదు. మూల పెన్షన్ 6,000. నెలకు 600 రూపాయలు, దానిపై డి.ఆర్. వేరు. పదకొండు నెలలు పోయాక తెలిసింది. మనం రాసిన ఉత్తరంతో ఎరియర్స్ వచ్చాయి గానీ, ఆవిడ ఎదుట నేను తలెత్తలేకపోయాను.

అప్పటినుంచి పి.డి.ఎఫ్.గానే పంపుతున్నాను. ఫాంటును ఫైలులోనే ఇమిడ్చి పంపవచ్చు కనుక తెలుగు చెదరదు. అక్కడా ఒకసారి బోల్తాపడ్డాను. గట్టి తాళమని 256 బిట్ల ఏ.ఇ.ఎస్. ఎంచుకున్నాను. 2008లో అక్రోబాట్ 9తో వచ్చిన ఆ తాళాన్ని అంతకు ముందరి రీడర్లు తెరవలేవు. ఇప్పుడు ‘అక్రోబాట్ 5, ఆపైన’ అనే స్థాయిలో, మార్పులకు మాత్రమే పాస్‌వర్డ్ పెడతాను, తెరవడానికి పెట్టను. అది బలహీనమైన తాళమే. కొన్ని సాఫ్టువేర్లు దాన్ని లెక్కచేయవు కూడా. పట్టికలో రహస్యం లేదు కనుక నాకు చాలు. మీ పి.పి.ఓ., బ్యాంకు కాగితాలు మాత్రం ఇలా పంపకండి.

ప్రతి సర్క్యులరుకూ సంతకం చేసిన ప్రతి మన ఆఫీసు అల్మరాలో తేదీవారీగా ఉంది. అంకె మీద అనుమానమొస్తే ఫోను చేయండి, దాన్ని చూసి చదివి వినిపిస్తాను. ఫైలు తెరుచుకోనివారు పేరు రాసి ఇస్తే ప్రింటు పోస్టులో వస్తుంది. ఆ జాబితా ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాను. సెలవు.