పని ఇచ్చేవాడు టీకా అడగవచ్చా?

(బోయిగూడ అగ్నిప్రమాదంలో మరణించిన పదకొండుమంది కార్మికుల స్మారకోపన్యాసం)



2022 మార్చి 23 తెల్లవారుజామున ఇక్కడి తుక్కు గోదాములో మంటలు లేచాయి. పై అంతస్తులో పడుకున్న పన్నెండుమందిలో ఒక్కడే ప్రాణాలతో బయటపడ్డాడు. పొట్ట చేతబట్టుకుని బిహార్ నుంచి వచ్చిన పదకొండుమంది వెళ్లిపోయారు. వాళ్ల పేరున జరిగే ఈ సభలో టీకాల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. నా దృష్టిలో ఈ రెండూ ఒకటే ప్రశ్న. పనిచేసేవాడి ప్రాణానికి యజమాని ఎంతవరకు పూచీ పడతాడో తేలితేనే, అతని ఒంటి మీద యజమానికి ఎంత అధికారం ఉందో తేలుతుంది.

మన లష్కర్‌కు, అంటే సికింద్రాబాద్‌కు, అంటురోగాల చరిత్ర కొత్తది కాదు. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా అక్కడ కలరా చెలరేగింది. రోగం తగ్గితే మా ఊళ్లో నిన్ను నిలుపుకుంటానని ఆయన మహంకాళికి మొక్కుకున్నాడు, తిరిగొచ్చాక 1815లో అమ్మవారిని ప్రతిష్ఠించాడు అని ఆలయ చరిత్ర చెబుతుంది. ఆ రోజుల్లో డోలీ మోసేవాడికి మొక్కు తప్ప ఇంకో రక్షణ లేదు. కలరాకు టీకా రావడానికి ఇంకా డెబ్బై ఎనభై ఏళ్లు పట్టింది. మశూచి టీకా మాత్రం అప్పటికే దేశానికి చేరింది. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పాపకు తొలి టీకా వేశారు.

ఆ తర్వాత అది కూలీల దాకా ఎలా వచ్చిందో చూడండి. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న దర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు మనుషులను తీసుకుపోయిన తొలి ఓడ అది, అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు. తర్వాతి దశాబ్దాల్లో ఓడ ఎక్కించే ముందు డిపోలో డాక్టరు పరీక్ష, మశూచి టీకా మామూలైపోయాయి. టీకా ప్రాణం కాపాడిందనడంలో నాకు సందేహం లేదు. అయితే దారిలో సరుకు చెడకూడదన్న లెక్కలోనే ఆ ప్రాణాన్ని చూశారు. అస్సాం తేయాకు తోటల్లో 1890లలో శాస్త్రవేత్త హాఫ్కిన్ కలరా టీకా వేస్తే తోట దొరలు తోడ్పడ్డారు. కూలీ చస్తే కొత్త కూలీని తేవడం వాళ్లకు ఖర్చు.

హాఫ్కిన్ గురించి ఇంకో మాట చెప్పి తీరాలి. బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి 1897 జనవరి 10న మొదట తన ఒంటికే వేసుకున్న మనిషి ఆయన. 1902లో పంజాబులోని ముల్కోవాల్‌లో ఒక సీసాలోకి ధనుర్వాతం క్రిమి చేరి, ఆ టీకా వేయించుకున్నవాళ్లలో 19 మంది చనిపోయారు. నింద హాఫ్కిన్ మీద పడింది. తప్పు ఆయనది కాదని గట్టిగా వాదించినవాళ్లలో రొనాల్డ్ రాస్ ఒకరు. 1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రాస్ ఆయనే. ఏళ్ల తరబడి సాగిన ఆ వాదంలో శాస్త్రవేత్త పరువు నిలబడింది, నాకది సంతోషమే. కానీ ముల్కోవాల్ తలుచుకున్నప్పుడల్లా నన్ను నిలదీసేది వేరే ప్రశ్న: వేయించుకోమన్నవాడు, వికటించినప్పుడు పక్కన నిలబడతాడా?

రైల్వే బస్తీలవాళ్లకు 1974 టాటానగర్ కథ తెలియాలి. ఉక్కు కర్మాగారం ఉన్న ఆ ఊళ్లో మశూచి రేగి, రైలెక్కి ఊళ్లకు ఊళ్లు పాకింది. టాటా కంపెనీ తన మనుషులను, బండ్లను ఇచ్చింది, ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేశారు, టీకా లేనిదే రైలు ఎక్కనివ్వలేదు. మరుసటి ఏడాది మే నెలతో దేశంలో మశూచి ఆగిపోయింది. యజమాని తన డబ్బు, తన బలగం ముందు పెట్టి అడిగిన టీకా అది. ఇలాంటి బలవంతాన్ని నేను సమర్థిస్తాను.

మన చట్టాల్లోనూ ఈ తీరు ఉంది, ఎవరికీ పట్టదు. ఆసుపత్రి వ్యర్థాలు ఎత్తేవాళ్లకు హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యత ఆసుపత్రి నడిపేవాళ్లదేనని 2016 నియమాలు చెబుతున్నాయి. ఆ హెపటైటిస్ బి టీకాను 1997లో దేశంలోనే తయారుచేసి సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. స్టేషన్ ఎదుట హోటల్‌లో చాయ్ అందించే కుర్రాడికి, వంటవాడికి టైఫాయిడ్ వంటి రోగాలకు టీకా వేయించాలని ఆహార భద్రత నిబంధనలు అంటున్నాయి. ఇవన్నీ యజమాని మీద పెట్టిన బరువులు. మరి కరోనా వచ్చేసరికి ఆ బరువు పనివాడి భుజానికి మారింది.

2021 జనవరి 16న మన పక్కనే ఉన్న గాంధీ ఆసుపత్రిలో రాష్ట్రంలో తొలి కరోనా టీకా వేసింది ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి. అది సరైన వరుస. ఆ మే నెలాఖరులో గ్యాస్ సిలిండర్లు వేసేవాళ్లకు, రేషన్ డీలర్లకు, రైతుబజారు వ్యాపారులకు, ఆ వెంటనే ఆటో డ్రైవర్లకు ప్రభుత్వం ప్రత్యేకంగా టీకాలు వేయించింది. అదీ మంచిదే. తర్వాత చాలాచోట్ల గేటు దగ్గర సర్టిఫికెట్ అడగడం మొదలైంది. సూది వేసుకున్న మర్నాడు జ్వరమొస్తే ఆ రోజు కూలి ఎవరిస్తారని అడిగినవాడికి జవాబు లేదు. ఈఎస్ఐ కార్డు ఉన్నవాడికి జబ్బు సెలవులో 70 శాతం జీతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల వరకు. అడ్డా మీద నిలబడేవాడికి ఆ కార్డు ఎక్కడిది?

2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. టీకా వేయించుకోమని ఎవరినీ బలవంతపెట్టకూడదంది, అదే సమయంలో ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం తగుమాత్రం ఆంక్షలు పెట్టవచ్చంది, ప్రభుత్వ టీకా విధానాన్ని తప్పుపట్టలేదు. అప్పటి పరిస్థితిలో, వేయించుకోనివాళ్ల వల్లే వ్యాప్తి ఎక్కువని చూపే ఆధారాలు తన ముందుకు రాలేదు గనుక, అలాంటి ఆంక్షలు తగినవి కావంది. అంతకుముందు జనవరి 13న అమెరికా సుప్రీంకోర్టు వందమంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలన్నిటికీ పెట్టిన టీకా లేదా వారంవారం పరీక్ష నిబంధనను ఆపింది, అదే రోజు ఆసుపత్రి సిబ్బంది నిబంధనను నిలబెట్టింది.  నాకు ఆ తేడా సబబుగానే తోచింది. రోగి మంచం పక్క నిలబడేవాళ్లకు, వంట చేసేవాళ్లకు, మురుగు ఎత్తేవాళ్లకు టీకా తప్పనిసరి కావాలి. మిగతా పనుల్లో ఒప్పించాలి, ఉద్యోగం పీకేయకూడదు. ఎక్కడైనా సరే ఖర్చు యజమానిది, ఆ రోజు కూలి యజమానిది, వికటిస్తే వైద్యం యజమానిది. ఇవి ఇవ్వనివాడికి అడిగే హక్కు లేదని నా నమ్మకం.

తుక్కు ఏరే చేతులను దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. తుప్పు రేకు అంచు వేలికి చీరుకుంటుంది, పాత గుడ్డపీలిక చుట్టి మళ్లీ పనిలో పడతారు. ధనుర్వాతానికి టీకా ఉంది, ప్రభుత్వ దవాఖానాల్లో డబ్బు పుచ్చుకోకుండా వేస్తారు. కరోనా సర్టిఫికెట్ అడిగిన గేట్ల దగ్గర ఇది వేయించుకున్నావా అని అడిగినవాళ్లు నాకు తారసపడలేదు. ఈ సభలో గోదాముల యజమానులూ ఉన్నారు. అయ్యా, సోమవారం పొద్దున మీ దగ్గర పనిచేసే వాళ్లందరినీ పూట కూలి ఇచ్చి దవాఖానకు తీసుకెళ్లండి. ఎవరికి ఎప్పుడు వేశారో రాసిన కాగితం ఒకటి గోదాములో అతికించండి, లేబర్ ఆఫీసరు వస్తే మొదట అదే అడగాలి.