రేవున నింపిన మూడు సీసాలు

 

అగస్త్య మహర్షి తపఃఫలముగా ఈ నేలకు దిగివచ్చినదని స్థలపురాణము చెప్పుచున్న స్వర్ణముఖి మనకు గంగతో సమానము. శ్రీకాళహస్తిలో ఉత్తరవాహినియై వాయులింగేశ్వరుని సన్నిధిన పారు ఆ తల్లియే, అంతకు ముందుగా మన రేవు మెట్లను తడుపుచున్నది.

గత కార్తిక మాసమున పాఠశాల పిల్లలు ఆ రేవునకు సీసాలతో వచ్చిరి. “అమ్మ నీళ్లకు పరీక్షేమిటిరా?” అని ఒక పెద్దాయన కోపగించిరి. దాచనేల, ధర్మకర్తలమైన మేమును ఆయన పక్షమే వహించితిమి. పిల్లలు ఎదురాడలేదు. రేవునకు ఎగువన ఒకటి, రేవులో ఒకటి, దిగువన ఒకటి నింపి, ఆ మూడు సీసాలను మన మండపములోనే ఉంచి వెళ్లిరి. సీసాలో మందు పూసిన కాగితపు ముక్క ఉండును. మలసంబంధమైన కల్మషమున్నచో నీరు నల్లబడును. 1982లో మన దేశ శాస్త్రజ్ఞులే వెల్లడించిన సులభ పద్ధతి ఇది.

రేవులోని సీసా మరునాటి ఉదయమునకే నల్లబడినది. ఎగువ సీసాకు మరియొక పూట పట్టినది.

ఈ సీసా లెక్క చెప్పదు, హెచ్చరిక మాత్రమే చేయును. స్నానము చేయు నీటిలో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫారం క్రిములు 500 లోపు ఉండుట మేలనియు, 2,500 మించరాదనియు ప్రభుత్వ ప్రమాణము. ఆ లెక్కకు ప్రయోగశాల కావలెను. కాని కల్మషము ఎక్కడిదో వెదకుటకు కాళ్లు చాలును గదా! పిల్లలు గట్టు వెంబడి ఎగువకు నడచిరి. వాన చినుకు ఎక్కడ పడిన ఈ నదికి చేరునో ఆ నేల యంతయు నదియేనని వారు మాకు బోధించిరి. తిరుమల కొండల నుండి కపిలతీర్థమున దూకిన జలము సైతము తుదకు చేరునది ఇందులోనే. పైగా స్వర్ణముఖి జీవనది కాదు. 2021 నవంబరులో గట్లు దాటి పొంగిన నదియే వేసవిలో ఇసుకతిన్నె. నీరు తగ్గిన కొలదియు అందు కలిసిన మురుగు పాలు పెరుగును. ఆ ఇసుకను తోడివేసిన చోట భూగర్భజలమును దిగజారును.

ఇంతకును రేవునకు పది గజముల ఎగువన పొదల చాటున పిల్లలు ఒక గొట్టమును కనుగొనిరి. అది మన యాత్రికుల సత్రపు మరుగుదొడ్లది! నిత్యము ఆ గట్టుననే తిరుగు మేము దానిని చూడనే లేదు.

నీటిలో మలమూత్ర విసర్జనము చేయరాదని, ఉమ్మి వేయరాదని తైత్తిరీయారణ్యకము విధించినది. నదికి మాలిన్యమంటదని ఋషులు తలచియుండినచో ఈ నిషేధములు ఎందులకు? నది పావనత్వమునకు సీసా పరీక్ష కాదు. మన నడవడికి అది పరీక్ష. కోపగించిన పెద్దాయనయే ఈ మాట తొలుత అన్నారని ఇక్కడ చెప్పుట న్యాయము.

ఆ గొట్టమును మూయించితిమి. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడుగుంత పని సాగుచున్నది. పూర్తియగువరకు సత్రపు మరుగుదొడ్లకు తాళము వేయించినాము. యాత్రికులకు ఇబ్బందియే, మన్నించవలెను. నీరు పారు నెలలన్నిటను పిల్లలు సీసాలు నింపి ఫలితము వ్రాయు పుస్తకము, హుండీ లెక్కల పలక ప్రక్కనే వ్రేలాడుచుండును. వచ్చే ఆదివారము అభిషేకానంతరము వారు ఎగువ వాగు వెంట నడువనున్నారు. మేమును వెళ్లుచున్నాము.