గేమింగ్ కంప్యూటరు: కొనే ముందు ఒక పరీక్ష

 

కాలేజీలో చేరిన పిల్లలున్న ఇళ్ళలో ఈమధ్య ఒక మాట వినబడుతోంది. "నాన్నా, గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలి." దాని ఖరీదు వినగానే తండ్రికి సెమిస్టర్ ఫీజు గుర్తుకొస్తుంది. తల్లిదండ్రులకు నా మనవి, వెంటనే వద్దనకండి. "ఏ భాగం వల్ల ఆగుతోంది?" అని అడగండి. జవాబు పిల్లలే వెతికి చెప్పాలి.

సినిమా సెకనుకు 24 బొమ్మలతో నడుస్తుంది, మనకే లోటూ తెలియదు. ఆటకు అది చాలదు. మౌస్ కదిపిన చేతికి తెర వెంటనే బదులు పలకాలి. సెకనుకు 60 బొమ్మలైతే ఒక్కొక్కదానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు, 144 అయితే దాదాపు 7. బొమ్మను తయారుచేసేది కంప్యూటరు, చూపించేది మానిటరు. కంప్యూటరు 120 తయారుచేసినా 60 హెర్ట్జ్ మానిటరు సెకనుకు 60 సార్లే తెర మారుస్తుంది. 40 బొమ్మలే వచ్చే ఆట 144 హెర్ట్జ్ మానిటరు కొన్నంత మాత్రాన 144కు పెరగదు.

విద్యార్థులూ, గేమ్‌లో రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉన్నట్టు. పెరగకపోతే చాలావరకు ప్రాసెసర్‌దో, మెమరీదో ఇబ్బంది. కొత్త కార్డు దండగ. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తగిలించి, పరుపు మీంచి తీసి బల్ల మీద పెట్టి ఆడండి. ఫ్యాను దుమ్ము దులిపించండి. వేడెక్కిన చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డెస్క్‌టాప్‌లో మానిటరు కేబులు గ్రాఫిక్స్ కార్డుకే ఉందా, మదర్‌బోర్డుకు ఉందా? నవ్వకండి, వెనక్కి వంగి చూడండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 హెర్ట్జ్ మానిటరు 60 మీదే ఉండిపోయిందేమో కూడా చూడండి. ఆటలో నీడల నాణ్యత ఒక మెట్టు తగ్గించినా తేడా కనిపించవచ్చు. వీటిలో దేనికీ కొత్త కార్డు అక్కర్లేదు.

ఇక మానిటరు. ఫుల్ హెచ్‌డి తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలు, 4కెలో 82.9 లక్షలు. అంటే కార్డుకు నాలుగింతల పని. మధ్యరకం కార్డుకు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డి సరిపోతుంది. అదే తెర మీద చదువూ సాగాలి కనుక ఐపీఎస్ ప్యానెల్, ఎత్తు మార్చుకునే స్టాండు చూసుకోండి. పెట్టె మీద "1 మిల్లీసెకను" అన్నది చూసి మురిసిపోవద్దు. ఫ్రేములు తగ్గినప్పుడు తెర కూడా తన వేగం మార్చుకునే ఫ్రీసింక్ వంటి సదుపాయం, నా దృష్టిలో, 240 హెర్ట్జ్ కంటే విలువైనది.

ఎస్.పి. రోడ్డుకు వెళితే మానిటరును అక్కడే వెలిగించి, పూర్తి నలుపు, పూర్తి తెలుపు తెరల మీద చచ్చిన చుక్కలున్నాయేమో చూడండి. పాత కార్డయితే అరగంట గేమ్ ఆడించి చూపమనండి. వారంటీ కంపెనీదా, దుకాణానిదా అడిగి, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.