సమాప్తి లేని పని



వైదికకర్మ ఏదైనా సంకల్పంతో ఆరంభమై సమాప్తితో ముగుస్తుంది. సంకల్పంలో దేశకాలాలు చెప్పుకొంటాము. చివర ఈశ్వరార్పణం చేసి ఆసనం నుండి లేస్తాము. ఈ రెండు హద్దులూ లేని పని మనిషిని తన వశం చేసుకొంటుంది. నేడు మన పిల్లల చేతిలోని ఫోను అట్టిది.

మేము పాఠశాలలో చదివిన రోజులలో తెల్లవారుజామున ఏటికి నడిచిపోయి స్నానం చేసి, గురువుగారి ఇంటికి నీళ్లు మోసి, సమిధలు ఏరి తెచ్చిన తరువాతనే సంతకు కూర్చునేవారము. ప్రతి పనసకూ ఒక నిలుపు ఉండేది. అరుణప్రశ్నలో 32 అనువాకాలు. సూర్యనమస్కార విధిలో ఒక్కొక్క పనస ముగియగానే ఒక నమస్కారం. అన్నీ పూర్తయ్యేసరికి ఒళ్లంతా చెమటతో తడిసేది. వేదం మాకు నోటితోపాటు వెన్నుకూ కాళ్లకూ కూడా వచ్చింది.

ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటివాటిలో ఒక చిన్న వీడియో ముగియగానే మరొకటి సిద్ధంగా ఉంటుంది. వేలితో తోసినకొద్దీ వస్తూనే ఉంటాయి. ‘ఇక లెమ్ము’ అని చెప్పే అనువాకం అందులో లేదు. 5 నుండి 17 ఏండ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు చురుకుగా ఒళ్లు వంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 11–17 ఏండ్లవారిలో నూటికి 81 మందికి ఆ మాత్రం శ్రమ లేదని 2016 నాటి లెక్కలు తేల్చాయి. దీనికంతటికీ ఫోనే కారణమనము. ట్యూషన్లున్నవి, ఆడుకొనే చోట్లు తరిగిపోయినవి. కాని మిగిలిన కాస్త సమయాన్నీ ఫోను మింగివేస్తున్నదని ఇంటింటా చూస్తూనే ఉన్నాము.

మా ఇంటి సంగతే చెబుతాము. మా మనుమనికి పదునాలుగేండ్లు. గత సంవత్సరం వానితో కలిసి అలిపిరి నుండి తిరుమలకు కాలినడకన బయలుదేరాము. అవి 3,550 మెట్లు. గాలిగోపురం చేరకముందే వాడు ఆయాసంతో కూలబడి ఫోను తీశాడు. మందలించబోయాము. మాకూ మాట పెగలలేదు, ఆయాసం! వయస్సు ఒక కారణమే. కరోనా నాళ్లలో అలవాటై, ప్రవచనాలన్నీ ఫోనులోనే వింటూ సాయంకాలం దేవాలయానికి నడచిపోవడం మేమూ మానివేశాము. చూచేది పురాణమైనా, కూర్చున్న కాళ్లు కూర్చున్నట్లే ఉంటాయి కదా! ఆ మెట్టుమీద మాకు సిగ్గు వేసింది.

తిరిగి వచ్చిన తరువాత వానికొక్కనికే నియమం పెట్టలేదు. సాయంసంధ్యకు దీపం వెలిగించేవేళ ఇంట్లోని ఫోన్లన్నీ, మాదీ వారి నాయనగారిదీ సహా, ఒక పళ్లెంలోకి చేరతాయి. అది ఆనాటి సమాప్తి. అక్కడినుండి దేవాలయానికి నడక, పదకొండు ప్రదక్షిణలు, మళ్లీ నడక. ఉదయం పన్నెండు సూర్యనమస్కారాలు. మొదటి వారం వాడు ముఖం ముడుచుకొన్నాడు. ఇప్పుడు మాకంటె ముందే చెప్పులు వేసుకొని వాకిట నిలబడుతున్నాడు.

అమ్మలారా, అయ్యలారా! ఒక్కసారిగా పిల్లలను అలసిపోయేటట్లు చేయవద్దు. వ్యాయామం శక్తిలో సగమే చేయాలని సుశ్రుతుడు చెప్పాడు. ఫోనును శత్రువుగా చూడనూ వద్దు. దూరదేశాలలోని బిడ్డల ముఖాలు మనకు చూపిస్తున్నది అదే. దానికొక సంకల్పమూ ఒక సమాప్తీ పెట్టండి. ఆ సమాప్తిని ముందు పెద్దలు పాటించండి. ‘పో, ఆడుకో’ అనేకంటె ‘రా, నడుద్దాం’ అనడం మేలు.

స్వస్తి.